పాత బట్టలు

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, నది ఒడ్డున ఉన్న మా భవనంలో పన్నెండు కాపురాలున్నాయి. వాటిలో పదకొండిళ్ళలో ఆపత్కాలానికని దాచిన సరుకు గుప్పెడు కూడా లేదు. భవన సంఘం కార్యదర్శిగా ఈ మాట నేనే రాసి, నేనే సంతకం చేశాను. మా మంచం కింది పెట్టెలో ఉన్న బిస్కెట్లకీ ఆ సంతకానికీ సంబంధం లేదు.

నిరుడు వానలకి ముందు అధ్యక్షులవారు సర్వసభ్య సమావేశంలో ఉపన్యసించారు. "సరుకు దాచుకోవడం సాటి మనిషికి ద్రోహం. కష్టమొస్తే ఉన్నదేదో పంచుకు తిందాం, లేకపోతే కలిసి పస్తుందాం" అన్నారు. చప్పట్లు మోగాయి. అప్పటిదాకా దాచుకోవాలన్న ఆలోచన మాలో చాలామందికి లేదు. ఆయన చెప్పాకే తట్టింది.

మర్నాటి నుంచి మెట్ల మీద మూటలు కదిలాయి. ఎదురుపడ్డవాళ్ళు ఏమిటండీ అని అడిగితే, పాత బట్టలు అని చెప్పడం మర్యాద. ఆ బట్టలు గలగలమన్నా, వాటిలోంచి నూనె కారినా, ఎందుకని అడక్కపోవడం అంతకన్నా మర్యాద. లోకంలో పాత బట్టలు ఇంట్లోంచి బయటికి పోతాయి. మా భవనంలో బయటి నుంచి ఇంట్లోకి వస్తాయి. అధ్యక్షులవారివి స్నానాలగది అటకెక్కాయి. పళ్ళ డాక్టరుగారివి చెడిపోయిన వాషింగ్ మెషీన్లో చేరాయి. నాకెలా తెలుసంటారా, మా మంచం సంగతి వాళ్ళకెలా తెలుసో అలాగే.

ఈ నాగరికత వంటబట్టనిది ఒక్క టైలరమ్మకే. కింది వాటాలో తనూ, అత్తగారూ ఉంటారు. బియ్యం, పప్పు, పిండి గాజు సీసాల్లో పోసి, వీధిలోంచి చూసినా కనబడేలా గూట్లో వరసగా పెట్టుకునేది. ఉన్నది ఉన్నట్టు నలుగురికీ కనబడనివ్వడం ఏం మర్యాద అని మేం నొచ్చుకునేవాళ్ళం.

నది పొంగింది. కింది వాటా మునిగింది. టైలరమ్మ అత్తగారినీ, సీసాలనీ, స్టవ్వునీ మొదటి అంతస్తు వసారాలోకి చేర్చుకుంది. కరెంటు పోయింది, దారీ పోయింది. పైవాళ్ళమంతా మెట్ల మీదే కూర్చున్నాం. ఇంట్లో ఉంటే తింటున్నారనుకుంటారు కదా. లోపలికెళ్ళినవాడు రెండు నిమిషాల్లో రాకపోతే మిగతావాళ్ళం మెడలు నిక్కించి చూశాం. డాక్టరుగారి వాషింగ్ మెషీన్ వైపు నుంచి కాగితం చిరిగిన చప్పుడైతే ఆయన గట్టిగా దగ్గి కప్పిపుచ్చారు. నేను బిస్కెట్లు నీళ్ళలో నానబెట్టి తిన్నాను. నానినవి కరకరలాడవు. ఈ ఉపాయం పాఠకులకి ఉచితం.

డబ్బా తెరిస్తే ఉన్నట్టు తెలుస్తుంది, తెలిస్తే పంచాలి. కాబట్టి ఇలాంటి దొంగ చిరుతిళ్ళు తప్ప ఎవరూ డబ్బాలు తెరవలేదు. నెలకి సరిపడా సరుకు పెట్టుకుని ఆకలితో నకనకలాడిన ఘనత మాది. మొదటి రెండు రోజులూ టైలరమ్మ గంజి కాచి పదకొండిళ్ళకీ పోసింది. ఉప్పు తగ్గిందని అధ్యక్షులవారు సెలవిచ్చారు.

మూడో రోజు మధ్యాహ్నానికి సీసాలు ఖాళీ అయ్యాయి. గాజువి కాబట్టి చూడలేదనడానికి మాకు వీల్లేదు. ముసలావిడ తల నిలపలేకపోతోంది. టైలరమ్మ గుమ్మం గుమ్మం ఎక్కి, చివరికి మా ఇంటికొచ్చింది.

"అన్నా, గుప్పెడు పిండి ఉంటే చాలు. మా అత్త కళ్ళు తేలేస్తోంది."

"అయ్యో తల్లీ, ఉంటే నీకు లేదంటానా" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నేను ఆ మంచం మీదే కూర్చుని ఉన్నాను. మా ఆవిడ నా వైపు చూసింది. నేను లేవలేదు. కార్యదర్శిగా ఎన్నో రాశాను గానీ, ఈ ముక్క రాయడానికి మాత్రం సిగ్గుగా ఉంది.

సాయంత్రానికి పడవ వచ్చింది కాబట్టి ముసలావిడ బతికింది. అందులో మా గొప్పేమీ లేదు.

నీళ్ళు తీశాక సభ పెట్టి టైలరమ్మకి ప్రశంసాపత్రం ఇచ్చాం. ఈమె మనకందరికీ ఆదర్శమని అధ్యక్షులవారు గంటసేపు కొనియాడారు. ఆమె ఆ పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న కుట్టుమిషను కాలి కింద దూర్చింది. మిషను ఇప్పుడు ఊగడం లేదు.

మొన్న ఆమె వీధిలోంచి ఒక రేకు పెట్టెని ఇంట్లోకి ఈడ్చుకెళ్తూ కనబడింది. పెట్టెకి తాళం ఉంది. ఒక మూల నుంచి సన్నగా పిండి రాలుతోంది. గూట్లో సీసాలు లేవు, కిటికీకి తెర పడింది.

"ఏమిటమ్మా అది?" అన్నాను.

"పాత బట్టలన్నా" అంది, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ.

కబురు తెలిసి భవనమంతటికీ గుండె గుభేలుమంది. వచ్చే వరదకి మన గతేమిటని అత్యవసర సమావేశం జరిగింది. మనుషుల్లో మంచితనం ఇలా అడుగంటిపోతుందని కలలో కూడా అనుకోలేదని అధ్యక్షులవారు కళ్ళొత్తుకున్నారు. ఏకగ్రీవంగా తీర్మానించిన మీదట ప్రకటించడమేమనగా, కింది అంతస్తులోని సామాన్ల గది ఖాళీ చేసి సగం అద్దెకే ఇవ్వబడును. గాజు సీసాల్లో సరుకు పెట్టుకునే కుటుంబాలు మాత్రమే దరఖాస్తు చేసుకోవచ్చు.

మీరు శ్రమపడనక్కర్లేదు. మీ మంచం కింద పాత బట్టలెన్నున్నాయో మాకు తెలుసు.