బ్యాగు, పైపు, చాంతాడు

ఆ పొద్దున లేత్ మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, తాను చేసిన చాంటర్‌ని లైబ్రరీ వాళ్ల ఆన్‌లైన్ వేలంలో పెట్టించాలి, పది గంటలకల్లా షాపుకెళ్లి లేత్ మీద మంచం కోళ్లు తిప్పుకోవాలి. లైబ్రరీ పైకప్పు కారుతోంది. దాని మరమ్మతు కోసం ఊళ్లోవాళ్లు తలా ఒక వస్తువు ఇస్తున్నారు. మేస్త్రీకి పైకప్పు మీద జాలి లేకపోలేదు గానీ, ఆయన అసలు కడుపుమంట వేరు.

బ్యాగ్‌పైప్ అంటే చంకలో గాలి తిత్తి పెట్టుకుని వాయించే వాద్యం. ఆ తిత్తికి కింద తగిలించి, వేళ్లతో స్వరాలు పలికించే గొట్టమే చాంటర్. ఊళ్లో ఆ వాద్యం ఉన్నది ఒక్క ఫైర్ స్టేషన్ బ్యాండుకే. ఆర్నెల్ల కిందట మేస్త్రీ తాను చేసిన మొదటి చాంటర్‌ని పట్టుకెళ్లి బ్యాండు మాస్టరుకు చూపించాడు. ఆయన దాన్ని ఊదను కూడా ఊదలేదు. అటూ ఇటూ తిప్పి చూసి, "కుర్చీ బాగుంది మేస్త్రీ, మిగతా మూడు కాళ్లేవీ?" అన్నాడు. బ్యాండు బ్యాండంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు మేస్త్రీ చెవుల్లోంచి ఇంతవరకూ పోలేదు. ఆర్నెల్లు నిద్ర కాచి, నల్లటి చేవకర్ర తెప్పించి, రెండోది చేశాడు. ఈసారి ఆ మాస్టరే వేలం పాడి కొనుక్కోవాలి, ఊదాలి, నోరు మూసుకోవాలి. అంతే ఆయన కోరిక.

వేలంలో పెట్టే పని బావమరిది నెత్తినేసుకున్నాడు. ఇంట్లో ఫోన్ల మీద సర్వాధికారాలూ అతనివే.

"టైపు చేయడం పాతకాలం బావా. నువ్వు చెప్పు, ఫోనే రాసుకుంటుంది."

మేస్త్రీ గొంతు సవరించుకుని, ప్రమాణ స్వీకారం చేస్తున్నంత గంభీరంగా చెప్పాడు. "చేతితో చేసిన బ్యాగ్‌పైప్ చాంటర్. పద్నాలుగు అంగుళాలు. ముందు ఏడు రంధ్రాలు, వెనక ఒకటి. ఆరు నెలల శ్రమ."

బావమరిది ఒక ఫోటో తీసి అతికించి, చదవకుండానే పంపేశాడు. ఫోటోలో ముప్పాతిక భాగం మేస్త్రీ బొజ్జ, ఒక మూల నల్లటి పైపు ముక్క. పావుగంట తర్వాత మేస్త్రీ భార్య వంటింట్లోంచి ఫోను పట్టుకుని వచ్చింది.

"ఏవండీ, మనం చాంతాడు ఎప్పుడు పేనాం?"

"చాంతాడేమిటి?"

"ఇదిగో, చదువుతా వినండి. 'చేతితో చేసిన బ్యాగు, పైపు, చాంతాడు. పద్నాలుగు అంగుళాలు.' పద్నాలుగు అంగుళాల చాంతాడుతో ఏ బావిలో తోడుకుంటారండీ? గ్లాసులోనా?"

మేస్త్రీ బావమరిది వైపు తిరిగాడు. "మార్చరా! వెంటనే మార్చు!" అని అరిచాడు.

"మారదు బావా. మొదటి పాట పడగానే తాళం పడిపోతుంది. పడింది కూడా."

"ఎవరికి కావాలిరా ఈ దిక్కుమాలిన చాంతాడు?"

పాడింది ఊరి చివర మొక్కల నర్సరీ నడిపే ఆవిడ. అందరూ మొక్కలావిడ అంటారు. ఆవిడ కింద ఒక ప్రశ్న కూడా వేసింది. "టమాటా మొక్కలకు నీళ్లు చిమ్మాలి. పైపుకు రంధ్రాలు కావాలని పెట్టినవేనా?" బావమరిది ఉన్నమాటే చెప్పాడు. "ఔనండీ, కొలిచి మరీ పెట్టినవి." మొక్కలావిడ సంతోషించి పాట పెంచింది.

మేస్త్రీ ఫోను లాక్కున్నాడు. వివరణ తానే ఇస్తానని ఒంటివేలితో, చెమటలు కక్కుతూ, 'అది చాంతాడు కాదు, చాంటర్' అని కొట్టాడు. చాంటర్ అనే ముక్క ఆ ఫోను ఏడేడు తరాల్లో విని ఉండదు. తప్పు దిద్దిన పుణ్యం కట్టుకుని, 'అది చాంతాడు కాదు, చాంతాడే' అని పంపింది.

దాంతో ఊరు ఊరంతా ఆ పేజీ మీద పడింది. 'ఏదో ఒకటి తేల్చండి మేస్త్రీ' అని ఒకరు రాశారు. 'బావి కూడా ఇస్తారా?' అని ఇంకొకరు. అన్నిటికన్నా పైన బ్యాండు మాస్టరు రాసిన ముక్క కనిపించింది. 'కుర్చీల నుంచి బావుల దాకా ఎదిగారన్నమాట!' మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

లైబ్రేరియన్‌కు ఫోన్ చేస్తే ఆవిడ చల్లగా చెప్పింది. "వేలంలో పెట్టింది వెనక్కి తీసుకోకూడదండీ. ఆదివారం అందరి ముందూ మూడు వస్తువులూ అప్పగించాలి. బ్యాండు కూడా వస్తోంది."

మూడు వస్తువులు! మేస్త్రీ తల పట్టుకున్నాడు. భార్య మాత్రం చటుక్కున బీరువా తెరిచి ఒక బ్యాగు తీసింది. "మీ చెల్లెలు ఇచ్చిందే లెండి. ఎన్నేళ్లుగానో దీని జిప్పు పడదు, దీన్ని పారేస్తే ఆవిడ ఊరుకోదు. దేవుడిచ్చిన అవకాశం." చాంతాడు కోసం బావమరిది బట్టలారేసే తాడులోంచి సరిగ్గా పద్నాలుగు అంగుళాలు కోశాడు. తడిబట్టలన్నీ మట్టిలో పడ్డాయి. అక్క తిట్లూ పడ్డాయి.

ఆదివారం లైబ్రరీ ముంగిట ఊరంతా చేరింది. వేలం మొక్కలావిడే గెలిచింది. బ్యాండు మాస్టరు ఇస్త్రీ యూనిఫాంలో, మీసం మెలేసుకుంటూ, సరిగ్గా ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు. మేస్త్రీ బ్యాగునూ తాడునూ ఇచ్చి, చివరికి తన చాంటర్‌ని అందించాడు. ఆర్నెల్ల పని. ఒక్కసారైనా పలకకుండానే టమాటా మొక్కల పాలవుతోందని ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది.

"అమ్మా, అది నీళ్ల పైపు కాదు..." అని గొణిగాడు.

"రంధ్రాలున్నాయిగా? పని చేస్తుందో లేదో ఇక్కడే చూస్తా," అంది మొక్కలావిడ. పనిమంతురాలంటే పనిమంతురాలే! పై మూతిని కుళాయి రబ్బరు గొట్టానికి బిగించింది. కింద నీళ్లు కారిపోకుండా ఆ చాంతాడు ముక్కను ఉండ చుట్టి చివర దట్టించింది. పైపు వెనక వైపు మాస్టరుకు ఎదురుగా ఉందన్న సంగతి ఆవిడా చూడలేదు, మాస్టరూ చూడలేదు. కుళాయి తిప్పింది.

ఏడు ధారలు ఆవిడ వైపు ఎగిశాయి. ఎనిమిదోది వెనకనున్న బొటనవేలి రంధ్రంలోంచి వచ్చి, తిన్నగా వెళ్లి మాస్టరు మీసం మీద కొట్టింది. జీవితమంతా ఊరి మంటల మీద నీళ్లు చల్లిన మనిషి మొదటిసారి తాను తడిశాడు. బ్యాండు బ్యాండంతా పగలబడి నవ్వింది. మేస్త్రీ నవ్వలేదు. కర్ర తడిసిపోతోందని కుళాయి కట్టేయడానికి పరుగెత్తాడు.

మాస్టరు కూడా మొహం తుడుచుకోలేదు. ఆ ధారలనే చూస్తున్నాడు. ఒకదాని కన్నా ఒకటి ఎత్తుగా, మెట్లు కట్టినట్టు, ఎక్కడా ఒక్క మెట్టు తప్పకుండా ఉన్నాయి. ఆయన ఆ పైపును ఊడబెరికి, తాడు ఉండ లాగేసి, నీళ్లు దులిపి, జేబులోంచి తన వాద్యపు రెల్లు పీక తీసి బిగించి ఊదాడు. ముందు బుడబుడమంది. ఆ తర్వాత పలికింది. కింది స్వరం నుంచి పై స్వరం దాకా ఒక్కటీ బొంగురుపోలేదు. మేస్త్రీ భార్య మొగుడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇది చాంటరయ్యా!" అన్నాడు మాస్టరు, మీసం కారుతుండగా. "నేనన్న మాట తప్పు. అమ్మా, ఇది నాకిచ్చేయండి, ఎంతైనా ఇస్తా."

"నా పైపు నాకివ్వండి," అంది మొక్కలావిడ, చెయ్యి చాపి లాక్కుంటూ. "ఇంత సమంగా నీళ్లు చిమ్మేది నేనెక్కడా చూడలేదు. మేస్త్రీగారూ, ఇలాంటివి ఇంకో పన్నెండు చేసివ్వండి. చాంతాళ్లతో సహా. బ్యాగులొద్దు, జిప్పు పడట్లేదు."

మాస్టరు మేస్త్రీ వైపు తిరిగి, తడి టోపీ చేతిలోకి తీసుకుని, "అయితే నాకొకటి చేసి పెట్టు," అని బతిమాలాడు.

మేస్త్రీ చెవి మీది పెన్సిలు తీసి, ఆర్డరు పుస్తకం తెరిచి, చాలాసేపు లెక్క చూసుకుని, మర్యాదగా రాసుకున్నాడు. బ్యాండు మాస్టరు నంబరు పదమూడు, టమాటా మొక్కల తర్వాత.