అరెజ్కీ డాబా మీద పొగ

ఆ మంగళవారం పొద్దున అరెజ్కీ వేసుకున్న పథకం చిన్నదే. డప్పు కాచుకోవడం, మీసం దువ్వుకోవడం, పదింటికి మెట్ల మీద నిలబడి పాడి, అల్జీర్స్ కొండవాలులో ఉన్న తమ వీధికి నీళ్లు రప్పించడం.

కొళాయిలు ఎండిపోయి పంతొమ్మిది రోజులైంది. ఆయన భార్య తసాదీత్ కింది వీధి నుంచి నూట పన్నెండు మెట్లు డబ్బాలు మోసి మోకాళ్లు పోగొట్టుకుంది. ఒకప్పుడు అవే మోకాళ్లు వేదికలు అదరగొట్టాయి. అరెజ్కీ డప్పు వాయించే ‘నాలుగు నోళ్లు’ బృందంలో పైస్థాయి గొంతు ఆమెదే. కబైల్, అరబీ, ఫ్రెంచి, బంబారా భాషల్లో, కొండపాటకు రాక్ గిటారు జోడించి, రొట్టె ధర మీద, జైళ్ల మీద, ఆడవాళ్ల హక్కుల మీద పాడేవాళ్లు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వీళ్లకు నోళ్లు నాలుగున్నా ఊరు మాత్రం మారలేదు.

"తొంభై పాటలు కట్టావు. ఒక్క పాటకైనా చెంబెడు నీళ్లొచ్చాయా?" అంది తసాదీత్.

"ఈసారీ రాకపోతే డప్పు గోడకి తగిలించేస్తా. మళ్లీ ముట్టుకుంటే అడుగు" అన్నాడు అరెజ్కీ. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

సముద్రపు గాలికి డప్పు తోలు మెత్తబడింది. కాగితాలు మండించి తోలు బిగించుకోవడం బృందానికి అలవాటే. డాబా మీద కుంపటి పెట్టాడు. ఇంట్లో దొరికినవి పాత కచేరీల ప్రకటనలు. ఒక్కొక్కటీ చదవందే మంటలో వేయలేకపోయాడు. ఒకదాని మీద ఇరవై రెండేళ్ల తసాదీత్ నవ్వుతోంది. ఆ రోజులు ఇక రావని ఆయనకు ఏడుపొచ్చింది. దాన్ని చొక్కాలో దాచుకుంటుంటే, చెమ్మెక్కిన మిగతా కట్టంతా కుంపట్లోకి జారింది. మంట లేదు, పొగ మాత్రం మబ్బులా లేచింది.

ఎదురింటి ఉవర్దియా ఇల్లంటుకుందని కేక పెట్టింది. వీధంతా బకెట్లతో పరిగెత్తుకొచ్చింది. బకెట్లయితే ఉన్నాయి, నీళ్లే లేవు. ఎవరో అగ్నిమాపక దళానికి ఫోన్ చేశారు.

పొగలోంచి తొంగిచూసిన అరెజ్కీకి వందమంది కనబడ్డారు. ఖాళీ బకెట్లు నిరసనకే తెచ్చారనుకున్నాడు. ఎన్నేళ్లకు ఇంత జనం! గుండె నిండిపోయి వంగి నమస్కరించాడు.

"దిగిరా పెద్దాయనా!" అని అరిచారు.

"ముందు పాట. తర్వాతే దిగుతా" అని డప్పు అందుకున్నాడు.

పొగకు బుర్ర తిరిగిందని ఆడవాళ్లు ఏడుపు లంకించుకున్నారు. ఎన్నడో మాలీ నుంచి వచ్చి ఈ ఊళ్లోనే జుట్టు నెరిసిన సలీఫ్, బృందంలో గిటారు వాయించేవాడు, అప్పుడే వచ్చాడు. పాటకు జనం ఇంతగా కదిలిపోయారా అని మురిసిపోయి, అక్కడే శ్రుతి కలిపాడు.

ఈలోగా దళం వచ్చి వీధి చివరి పంపుకు గొట్టం బిగించింది. గొట్టంలోంచి గాలి మాత్రమే వచ్చింది. దళాధికారి ముఖం ఎర్రబడింది. డాబా ఎక్కి కుంపటి చూశాక ఇంకా ఎర్రబడింది. అయినా నీటి కార్యాలయానికే ఫోన్ చేశాడు. నిజంగా ఇల్లు కాలి ఉంటే నివేదికలో ఎవరి పేరు రాయాలో చెప్పమన్నాడు. గంటలో వీధికి నీళ్లొచ్చాయి.

అరెజ్కీ మాట మీద నిలబడే మనిషి. నీళ్లు వచ్చింది పొగకు గాని పాటకు కాదని, గోడకు మేకు కొట్టడానికి సుత్తి తీశాడు. తసాదీత్ దాన్ని లాక్కుంది.

"నీళ్లొచ్చాయిగా, ఇంక మోసే పని లేదు. నడు, పైస్థాయి నేనెత్తుకుంటా" అంది.

పాతికేళ్ల తర్వాత ఆ గొంతు మెట్ల మీద లేచింది. కాస్త వణికినా, అదే గొంతు. అరెజ్కీ కళ్లు తుడుచుకుని వాయించాడు. నాలుగు భాషల్లోనూ పాడారు.

వినడానికి మాత్రం ఎవరూ రాలేదు. వీధంతా స్నానాలు చేస్తోంది.