ఇల్లు దూరమన్న పెద్దమనిషి

వయసు మళ్ళిన మనిషికి కావలసింది మంచి డాక్టరు కాదు, సముద్రపు గాలీ కాదు. చుట్టుపక్కల వాళ్ళు మాట్లాడే భాష రాకపోవడం. నవ్వకండి. లాభనష్టాలు బేరీజు వేసుకునే చెబుతున్నాను.

థాయిలాండులో, హువా హిన్‌కు దిగువనున్న మా చేపల రేవులో డెస్మండ్‌ను చూడండి. ఇంగ్లండులో సిటీ బస్సులకు టైంటేబుళ్ళు రాసి, రిటైరై, ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడు. డెబ్బై దాటినా మొహంలో దిగులన్నది లేదు. ఎలా ఉంటుంది? పక్కింటి మొగుడూ పెళ్ళాలు గిన్నెలు విసురుకుంటే ఆయనకది పండగ సందడి. ఎన్నికల సభలకు వెళ్ళి అన్ని పార్టీలకూ చప్పట్లు కొట్టి, అందరి దగ్గరా టోపీలు తెచ్చుకుంటాడు. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆయన గుండె, లివరు, కీళ్ళు అన్నిటి మీదా వరసగా ఫిర్యాదు చేస్తే, "క్రప్, క్రప్", అంటే చిత్తం చిత్తం అని వినయంగా తలూపి ఏ రోగమూ లేని మనిషై బయటికొస్తాడు.

అదే ఆదివారం సాయంత్రం తోటి తెల్లవాళ్ళతో బీచి బారులో కూర్చున్నాడా, అయిపోయాడన్నమాటే. అక్కడందరికీ ఇంగ్లీషు వచ్చు. ఒకడి మోకాలు, ఇంకొకడి ప్రోస్టేటు, మూడోవాడి వీసా, అన్నీ అర్థమవుతాయి. ఇంటికొచ్చేసరికి ఐదేళ్ళు పైబడి ఉంటాయి.

భాష రాకపోవడమే ఇంత లాభసాటి అయితే, తప్పుగా రావడం ఇంకెంత లాభం!

డెస్మండ్‌కు పూర్తిగా వచ్చిన థాయి వాక్యం ఒక్కటే. పొద్దున్నే సందు చివర లందువాన్ అనే ఆవిడ నూడుల్స్ కొట్టులో కూర్చుని, చేప ఉండల పులుసు తాగుతూ, ఎందుకొస్తున్నాడో ఆవిడకు మర్యాదగా చెబుతాడు: "ఇల్లు దగ్గర. అందుకే వస్తా." ఇక్కడే ఉంది కిటుకు. థాయిలో 'క్లై' అన్న మాటను గొంతు జార్చి పలికితే దగ్గర, జార్చకుండా చదునుగా పలికితే దూరం. జీవితమంతా బస్సు టైంటేబుళ్ళు చదివిన గొంతు ఎక్కడ జారుతుంది? ఏళ్ళ తరబడి ఆయన రోజూ ఆవిడతో అంటున్నది, "ఇల్లు దూరం. అందుకే వస్తా" అని. పైగా మిరపకాయల ఘాటుకు కళ్ళనిండా నీళ్ళు.

లందువాన్ మనసు కరిగిపోయింది. "పాపం, ఇల్లు తలుచుకోందే ముద్ద దిగదు ఆయనకి" అని ఉండలు ఎక్కువేసేది. పళ్ళమ్మే ప్రయూన్ ఓ మామిడిపండు చేతిలో పెట్టి, భుజం తట్టి పంపేవాడు. డెస్మండేమో ఫోనులో చెల్లెలికి, "ఇక్కడి జనం ఊరికే దయ చూపిస్తారు" అని గొప్పగా చెప్పుకునేవాడు. పైసా పెట్టుబడి లేదు. ఇలాంటి బేరం మీరెక్కడైనా విన్నారా?

అయితే దయ కూడా సరుకులాంటిదే. మరీ ఎక్కువైతే ఇంట్లో పట్టదు.

వానలు వెనకబట్టిన నెలలో బజారంతా కలిసి పుణ్యకార్యం తలపెట్టింది. కొమ్మకొమ్మకూ నోట్లు గుచ్చిన వెదురు చెట్టు, డోళ్ళు, ముందు ఆడుతూ ఆడవాళ్ళు. ఊరేగింపు సరిగ్గా డెస్మండ్ గేటు ముందు ఆగింది. ఆయన అలవాటు ప్రకారం చప్పట్లు కొట్టాడు.

ఊళ్ళో ఇంగ్లీషు వచ్చిన విపాదా టీచరు ముందుకొచ్చింది. "ఇదంతా మీకే బాబాయ్. విమానం టికెట్టుకి. ఇంక మీ ఇంటికి మీరు వెళ్ళిపోవచ్చు."

చప్పట్లు గాల్లోనే ఆగిపోయాయి. ఇంగ్లండులో ఆయనకున్నది చెల్లెలింటి వెనక గది, అందులో ఓ హీటరు, దాన్ని ముట్టుకోనివ్వని చెల్లెలు. ఆయన బెదిరిపోయి లందువాన్ వైపు తిరిగాడు. కాళ్ళకింద నేల చూపిస్తూ అరిచాడు. "ఇల్లు దూరం! దూరం! దూరం!"

"చూశారా, ఎలా తల్లడిల్లిపోతున్నాడో" అని కళ్ళొత్తుకుంది లందువాన్. "రేపటి విమానమే చూడండయ్యా."

టీచరుకు అనుమానమొచ్చి ఇంగ్లీషులో ఆరా తీసింది. విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అసలు సంగతి అందరికీ చెప్పింది. డోళ్ళు ఆగిపోయాయి.

"మరి రోజూ ఆ ఏడుపేంటి?" అంది లందువాన్.

"కారం" అన్నాడు డెస్మండ్, టీచరు నోటితో.

"తగ్గించమని చెప్పి చావొచ్చు కదయ్యా, ఇన్నేళ్ళూ!"

"నా మామిడిపళ్ళన్నీ ఈయన కారానికి విరుగుడుగా తిన్నాడన్నమాట" అన్నాడు ప్రయూన్.

గండం గడిచింది కదా, డెస్మండ్‌కు మాటలొచ్చాయి. "మరి ఆవిడ ఇల్లెక్కడో అడుగు" అన్నాడు టీచరుతో.

"నాదా? ఈశాన్యాన, లావోస్ సరిహద్దు దాకా పోవాలి" అంది లందువాన్, తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ. "దూరమే. మా అమ్మ పోయినప్పుడు కూడా వెళ్ళలేకపోయాను."

"అవునా పెద్దమ్మా? ఎప్పుడూ చెప్పలేదే" అంది టీచరు.

"చెబుతూనే ఉంటానమ్మా. మీరు పులుసు తాగుతూ ఉంటారు."

"నిజమే పాపం" అన్నారంతా. పుణ్యానికని ఇచ్చిన నోట్లు వెనక్కి తీసుకుంటే పుణ్యం పోతుందని చెట్టును గుడివైపు తిప్పారు. డోళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

ఆవిడ అన్నదేమిటో టీచరు చెప్పగానే డెస్మండ్ ఊరుకోలేకపోయాడు. ఆ మోకాళ్ళతోనే చెట్టు వెంట పరుగెత్తాడు. లందువాన్‌ను వేలితో చూపిస్తూ, బతుకులో మొదటిసారి తను అనదలచుకున్నదే అన్నాడు. "ఇల్లు దూరం! దూరం!"

ప్రయూన్ వెనక్కి తిరిగి నవ్వాడు. "ఇంక మోసపోంలే బాబాయ్. నువ్వు దూరమంటే దగ్గరని. మాకు తెలిసిపోయింది."

ఆ డబ్బుతో గుడికి కొత్త మైకులు వచ్చాయి. డెస్మండ్ ఇక్కడే ఉండిపోయాడు, ఇంకా హాయిగా ముసలివాడవుతున్నాడు. లందువాన్ ఉచ్చారణలో మాత్రం ఒక్క తప్పూ లేదు. దానివల్ల ఆవిడకు ఒరిగిందేమిటో మీరే చెప్పండి.