డెబ్బై అయిదు వాట్ల వైరి

ప్రచండ మార్తాండ కిరణ సంతప్తమైన అనంతపుర మండలమందు, మేఘుడు పైకి తొంగిచూచి, ముచ్చటకు మూడు చుక్కలు రాల్చి, తక్కిన బాకీ మళ్ళీ చూద్దాములెమ్మని బెంగుళూరు దోవ పట్టిన యేట, కొత్తచెరువుకు కూతవేటు దూరపు పల్లెలో, ఆదివారము సంగటి వేళకు కొంచెం ముందర, ముల్లోకములు తల తిప్పి చూడవలసిన యుద్ధమొకటి జరిగినది. చూడలేదు పొండి, వాటి ఖర్మ. అబద్ధమంటే ఆ మిద్దెమెట్లనే అడగండి. పదునాలుగు సాక్షులు, ఒక్కటీ కదలకుండా ఆడనే ఉండాయి.

యోధుడు సుంకప్ప. అరువది మూడేండ్లవాడు, గోనెసంచి గంధ సుగంధిత భుజుడు, తువ్వాలు కిరీటధారి. ఆ ఇంటి ఆచారమేమనగా, విత్తనపు శెనక్కాయలు మిద్దెగదికి ఇంటి యజమాని వీపుమీదనే ఎక్కవలె; పరాయి వీపెక్కితే విత్తనం అలుగుతుందట. ఆ యేటి విత్తనము మూడే బస్తాలు.

కోడలు నందిని, సైన్సు టీచరు, బస్తాల ముందు నిలిచి పలికినది.

"మామా, మోకాళ్ళు నొప్పులంటాండారు గదా. ఇంక హమాలీని పిలుస్తాం. మీరు ఫ్యాను కింద కూర్చోండి."

"హమాలీనా? నేనుండంగానా!" సుంకప్ప గర్జించెను. "ఈ భుజాల్ని చూసి ఎద్దులే దోవ ఇచ్చేటివమ్మా! నా శక్తి యాడ, హమాలీ యాడ?"

"శక్తికి లెక్క ఉండాది మామా. బస్తా నలభై కిలోలు. భూమి లాగేది పది అనుకుందాం. మిద్దె ఎత్తు మూడు మీటర్లు. మూడూ హెచ్చవేస్తే పన్నెండు నూర్ల జౌళ్లు, అది మీరు చేసే పని. పట్టిన సెకన్లతో దాన్ని భాగిస్తే మీ పవరు, వాట్లల్లో. మన ఫ్యాను డెబ్బై అయిదు వాట్లు. మూడు బస్తాల్లో ఒక్కసారి దాన్ని గెలవండి, బతికినన్నాళ్ళూ మీరే మోయండి. ఓడితే వచ్చే యేడు హమాలీ."

"నా ఒళ్ళు గూడా పైకి పోతాండాదే, అది లెక్కలేదా?"

"మీ ఒళ్ళు సంగటికి కిందికొస్తాది. పైన ఉండిపోయేది బస్తా ఒక్కటే."

నట్టింటి కప్పున వేలాడు ఆ త్రిపక్షధారి, సదాభ్రమణశీలుడు, గడగడఘోషుడు ఈ సవాలు విని మరింత గడగడలాడెను. సుంకప్ప మొదటి బస్తా వీపుకెత్తుకొని, ఏడో మెట్టున తువ్వాలు సర్దుకొని, పైకి చేరెను. నందిని లెక్కబెట్టిన ఫోనులో ఇరవై సెకన్లు.

"అరవై వాట్లు మామా."

భార్య తిమ్మమ్మ చేట పక్కనబెట్టి నవ్వింది. "ఎద్దుల కొట్టంలో గుండు బల్బంత! ఏమయ్యా, పొద్దు మునిగితే నిన్నే ఆడ తగిలిస్తాం."

అవమానాగ్నిదగ్ధుడైన ఆ వీరుడు, బరువు పెంచితే పవరు పెరుగునని తలపోసి, రెండవ బస్తాపై పది కిలోల రాగుల మూట పెట్టించుకొని, మెట్టుమెట్టుకొక దేవుని పిలుచుచు, మెట్లకన్న ముందు దేవుళ్ళైపోగా చివరి రెంటికి మేనమామలను పిలుచుచు, ఎక్కెను. ముప్పై సెకన్లు.

"పని పదహైదు నూర్లయింది. పవరు మటుకు యాభై."

"ఎక్కువ మోస్తే తక్కువనా? ఇదేం న్యాయమప్పా!"

"న్యాయం కాదు మామా, భాగహారం."

మిగిలినది ఒక్క బస్తా. సుంకప్ప దానిని చూచెను, ఫ్యానును చూచెను, తన మోకాళ్ళను మాత్రము చూడలేదు.

"నీ ఫోనుకు నా మీద పగ ఉండాది. ఈసారి మీ అత్త లెక్కబెట్టాల. నలభై యేండ్లు కాయలు కొలిచిన నోరది, ఒక్క శేరు తప్పలేదు!"

బస్తా లేచెను. తిమ్మమ్మ నోరు తెరిచెను. కళ్ళంలో కొలిచేవాళ్ళు 'ఒకటి' అనరాదు, 'లాభం' అనవలె. శేరు నిండి, గోపురం కట్టి, పొర్లిపోవుదాక ఆ మాటను సాగదీయవలె.

"లా...భం! లాభమే లా...భం!"

సుంకప్ప మూడో మెట్టు దాటినాడు.

"రెండూ... రెండో రెండూ... రెండు!"

ఏడో మెట్టు దగ్గర అడుగు ఆగినది. తిమ్మమ్మ 'ఎనిమిది'ని రెండు శేర్లకు సరిపడ సాగదీసినది. బస్తా పైన దభీమని పడినది.

"పదహైదు!"

నందిని చేతి గడియారం చూసుకొని గొణిగినది. "అత్తా, ఇందులో ఇరవై నాలుగు..."

"నీ గడియారం ఎన్ని శేర్లు కొలిచిందమ్మా?"

మిద్దె మీద ముసలాయన గోడ పట్టుకొని, రొప్పుతూ, పరీక్షాఫలితము కోసం తొంగిచూచు పిల్లవానివలె చూచుచున్నాడు. నందిని గాజులను గడియారం మీదికి లాగినది.

"పన్నెండు నూర్లు బై పదహైదు. ఎనభై వాట్లు మామా!"

ఇట్లు అష్టదిక్కులు కాకున్నను ఇరుగుపొరుగు రెండిళ్ళు దద్దరిల్లగా, అయిదంటే అయిదు వాట్ల ఆధిక్యముతో, తిరుగుడే బ్రతుకైన శత్రువును జయించి, వాట్‌మార్తాండుడు సుంకప్ప మెట్లు దిగివచ్చి, ఓడినవాని కిందనే మంచము వాల్చి, కాళ్ళు చాపి ఆజ్ఞాపించెను.

"నందినీ, అయిదు మీద పెట్టమ్మా. ఓడినోడు బాగా తిరగాల."