తొంభై ఒకటి నుంచి ఇరవై మూడు

మంత్రి వెంకటకృష్ణయ్యగారు రావడానికి ఇంకా గంటే ఉంది. ప్రకృతి పరీక్షలో పిల్లల మార్కులు తొంభై ఒక్క శాతం నుంచి ఇరవై మూడుకు ఎలా పడ్డాయో మాత్రం ఎవరికీ తెలియదు.

“దోషి ఈ బడిలోనే ఉన్నాడు. మంత్రిగారి కారు గేటు దాటేలోగా బయటపెడతా,” అని మూల్యాంకన అధికారి శ్రీపాదరావుగారు ప్రకటించారు. అధికారి అంటే అలా ఉండాలి.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్ళే రోడ్డు మీద హైస్కూలది. ఎమ్మిగనూరులో నాకు ప్రింటింగ్ షాపుంది. ‘హరిత నేత్రం’ ప్రకృతి విద్యా కార్యక్రమం విజయ నివేదిక ఐదువందల కాపీలు దించడానికి వచ్చి, స్టాఫ్ రూములో ఇరుక్కున్నాను. నివేదికలో గ్రాఫు నిటారుగా పైకి పోతుంది. రెండో పరీక్ష పెట్టకముందే దాన్ని గీయించి అచ్చుకిచ్చిన శ్రీపాదరావుగారి ముందుచూపును పాఠకులు గమనించాలి.

పద్ధతి సులువైనది. కార్యక్రమానికి ముందు ఒక పరీక్ష, తర్వాత అదే ప్రశ్నాపత్రంతో ఇంకొకటి. మార్కులు పెరిగితే కార్యక్రమం గొప్పది. తగ్గితే ఏం చేయాలో నియమావళిలో లేదు. దిద్దుదామంటే మార్కులు నిన్ననే యాప్‌లో ఎక్కి లాకైపోయాయి.

అందుకే ఆయన తొలగింపు ఉత్తర్వు మీద ముందే సంతకం చేసి, పేరు దగ్గర ఖాళీ వదిలారు. ఇంకెవరూ దొరక్కపోతే అందులోకి వెళ్ళేది ప్రకృతి పాఠాలు చెప్పే త్రివేణి పేరే. నాలుగేళ్ళుగా కాంట్రాక్టు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు కాబట్టి కూర్చోలేదు.

శ్రీపాదరావుగారు జవాబుపత్రం ఎత్తి చూపించారు. “జింకలు ఎక్కడ ఉంటాయి? మొదటి పరీక్షలో అందరూ అడవి అని రాసినారు. శభాష్. ఇప్పుడేమో, రంగన్న శనగ చేన్లో అంట.”

“నిజంగా ఆడే ఉంటాయి సార్,” అంది త్రివేణి.

“ఉంటే ఉండనీ అమ్మా. జవాబుల కీలో లేవు.”

వాగు ఎక్కడ పుడుతుందంటే కొండల్లో అని రాయాల్సిన పిల్లలు, నూనె మిల్లు పైపులో అని రాశారు. తీతువు పిట్ట గూడు ఎక్కడ కడుతుందంటే, కట్టదు, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది అని బొమ్మతో సహా రాశారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇవేవీ పాఠంలో లేవు. అంటే పిల్లలు కళ్ళతో చూశారు. అంటే ఎవరో వాళ్ళను బయటికి తీసుకెళ్ళారు.

 నియమావళి ఆరో పేజీ స్పష్టంగా ఉంది: ప్రకృతి విద్యలో భాగంగా పిల్లలను ఆరుబయటకు తీసుకెళ్ళరాదు. ఎండ, పాములు, తేనెటీగలు.

త్రివేణి తన పది పాఠాల ఫొటోలూ చూపించింది. డిజిటల్ గది, దించిన కర్టెన్లు, తెర మీద ఆఫ్రికా ఏనుగులు. అనుమానం వ్యాయామ ఉపాధ్యాయుడు ఉదయ్ మీదికి మళ్ళింది. మరుగుదొడ్ల ఫొటోలు అప్‌లోడ్ చేసే డ్యూటీ వల్ల తాను రెండేళ్ళుగా పిల్లలను మైదానంలోకే దించలేదని అతను రిజిస్టరుతో సహా రుజువు చేశాడు. నిజాయితీపరుడని శ్రీపాదరావుగారు కరచాలనం చేశారు.

ఫోను మోగింది. మంత్రిగారు ఆదోని దాటారు. శ్రీపాదరావుగారు పెన్ను తీసి ఖాళీలో ‘త్రి’ అని రాశారు.

మధ్యాహ్న భోజనం వండే రామక్క టీ గ్లాసులు బల్ల మీద పెట్టింది. “ఆ పాపనేం అనగాకు సారూ. పిల్లోల్లను సేన్లో నిలబెట్టింది ఆయమ్మ గాదు.”

పెన్ను ఆగింది.

రామక్క చెప్పింది ఇదీ. పోయిన నెల ఒకనాడు, ఎవరో పెద్దమనిషి తొమ్మిదికి వస్తాడని, పూలు చల్లడానికి పిల్లలందరినీ రోడ్డు పక్కన రంగన్న చేను గట్టు మీద నిలబెట్టారు. ఆయన వచ్చేసరికి ఒంటిగంట. పూలు వాడిపోయాయి. విసుగెత్తిన పిల్లలు చేన్లోకి దిగారు. రంగన్న వాళ్ళకు జింకల అడుగులు, తీతువు గుడ్లు చూపించి, వాగు వెంట మిల్లు దాకా నడిపించుకొచ్చాడు. అన్నానికి పిలిచినా రాలేదు.

“నాలుగు గంటలు,” అన్నారు శ్రీపాదరావుగారు. ఆయన ముఖం వెలిగిపోయింది. “అయితే రంగన్నది కాదు తప్పు. ఆలస్యం చేసినవాడిది.”

‘త్రి’ కొట్టేశారు. త్రివేణి మెల్లగా కుర్చీలో కూర్చుంది. గేటు దగ్గర సైరను వినిపించింది.

“ఎంత పెద్దవాడైనా వదలను. సాక్షులు అందరూ ఉన్నారు. పేరు గట్టిగా చెప్పమ్మా.”

రామక్క కొంగుతో చేతులు తుడుచుకుని కిటికీలోంచి చూసింది.

“అదో, కారు దిగుతాండాడే ఆయప్పే సారూ. మంత్రి వెంకటకృష్ణయ్య.”