తాళంకప్ప సార్ మందుల పెట్టె

ఆ ఉదయం సూపర్‌వైజర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భవనం కడుతున్న సైట్‌కు వెళ్ళాలి, గోడకున్న ప్రథమ చికిత్స పెట్టె మీద దుమ్ము తుడవాలి, పది గంటలకు వచ్చే సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ మేడమ్‌కు దాన్ని చూపించి శభాష్ అనిపించుకోవాలి. కనిపించిన ప్రతిదానికీ తాళం వేస్తాడని పనివాళ్ళు ఆయన్ని వెనకాల తాళంకప్ప సార్ అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా.

"ఈసారి కూడా తనిఖీలో తప్పితే ఏమవుతుందో గుర్తుందిగా?" అంది భార్య, టీ కప్పు చేతికిస్తూ.

గుర్తులేకేం! మూడేళ్ళ కిందట పెట్టెలో దూది తక్కువైందని మాట పడ్డాడు. మళ్ళీ అలా జరిగితే ఇటుకల యార్డుకు పంపేస్తానని యజమాని తేల్చి చెప్పాడు. ఆ యార్డు మేనేజరు ఎవరో కాదు, సాక్షాత్తూ ఈయన బావమరిది. లెక్కలు రావని ఒకప్పుడు ఈయన చేత మొట్టికాయలు తిన్నవాడు. "బావా, ఆ ఇటుకలు ఇటు పేర్చు" అని వాడు పురమాయించడం తలుచుకుని, టీ సగంలోనే వదిలేసి సైట్‌కు బయల్దేరాడు.

అందుకే అప్పట్లోనే కొత్త పెట్టె కొని, కంపెనీ సీలు ఊడకుండా పైన తాళం కూడా వేశాడు. ఏ సైట్‌కు మారినా ఆ పెట్టె వెంట వెళ్ళింది, ఎవరికీ అందనంత ఎత్తున మేకుకు వేలాడింది. తాళంచెవి మాత్రం ఆయన మెడలోనే ఉంది.

దుమ్ము తుడుస్తుండగానే మేస్త్రీ వచ్చాడు, ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని.

"టైలు అంచుకి వేలు తెగింది సార్. పెట్టెలోంచి కాస్త కట్టు ఇప్పించండి."

"ఇవాళా?" అన్నాడు సూపర్‌వైజర్. "కట్టు తీస్తే పెట్టెలో తగ్గదూ? ఇవాళ వద్దయ్యా, రేపు చూద్దాం."

"రేపటిదాకా రక్తం ఆగుతుందా సార్?"

"చెయ్యి పైకెత్తి పట్టుకో, అదే ఆగుతుంది." అని, మరీ రాతిగుండె కాదు కనుక, తన జేబురుమాలు చుట్టి పైన రంగులవాళ్ళ టేపు అంటించాడు.

ఇదంతా చూస్తున్న వడ్రంగి ఉండబట్టలేక, "మరి ఆ పెట్టె ఎందుకు సార్?" అన్నాడు.

"చూపించడానికి!"

వడ్రంగి పగలబడి నవ్వాడు. ఆ నవ్వులో సుత్తి మేకును వదిలేసి బొటనవేలి మీద పడింది. ఇప్పుడు సైట్‌లో దెబ్బలు తగిలినవాళ్ళు ఇద్దరు, సరైన కట్టు కట్టించుకున్నవాడు ఒక్కడూ లేడు. మేడమ్ కంట పడితే కొంప మునిగినట్టే. సూపర్‌వైజర్ ఇద్దరినీ సిమెంటు గదిలోకి నెట్టాడు. తలుపు వేయబోతుంటే చొక్కా నిండా ఎర్రటి మరకలతో పెయింటర్ ఎదురయ్యాడు.

"అయ్యో, నీకేమైందిరా!"

"ఏం కాలేదు సార్, ఇది కిటికీ ఊచల రంగు."

"రంగో రక్తమో, ఎర్రగా ఉందా లేదా? లోపలికి నడు!"

తాళం పడింది. గేటు దగ్గర కారు ఆగింది.

మేడమ్ చుట్టూ చూసింది. "పనివాళ్ళేరీ?"

"భోజనానికి వెళ్ళారు మేడమ్."

"పదింటికా?"

"మా వాళ్ళకి ఆకలి ఎక్కువండీ."

అంతలో సిమెంటు గదిలోంచి ఒక తుమ్ము, దాని వెనకే ఇంకో రెండు వినిపించాయి.

"ఏమిటా శబ్దం?"

"సిమెంటు మేడమ్. గట్టిపడుతోంది."

మేడమ్ ఆయన్ని ఎగాదిగా చూసి, పెట్టె చూపించమంది. ఆయన హుషారుగా స్టూలెక్కి పెట్టెను లాగాడు. మూడేళ్ళ గౌరవమంతా మోస్తున్న ఆ మేకు ఊడింది. పెట్టె మూల వచ్చి నుదుటికి తగిలింది, ఆయన పెట్టెతో సహా కింద కూలబడ్డాడు. కనుబొమ పైనుంచి రక్తం కారుతోంది.

"అయ్యో, తెరవండి పెట్టె!" అంది మేడమ్.

ఆయన పెట్టెను చంటిపిల్లలా గుండెకు హత్తుకున్నాడు. "వద్దు మేడమ్! నిండుగా ఉంది! ముందు నిండుగా ఉందని రాసుకోండి!"

ఆమె తాళంచెవి లాక్కుని తెరిచింది. మందులన్నిటికీ ఎప్పుడో గడువు తీరిపోయింది. ప్లాస్టర్ ఒకటి తీసి నుదుటికి అంటిస్తే, అది అంటుకోకుండా ఎండుటాకులా ఒళ్ళో రాలింది. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

"సార్‌కి దెబ్బ తగిలిందా?" గది లోపలి నుంచి మేస్త్రీ కేక వేశాడు. "తలుపు తీయండి, నా దగ్గర సార్ జేబురుమాలు ఉంది!"

తలుపు తీసేసరికి ముగ్గురూ నెత్తి నుంచి కాళ్ళదాకా సిమెంటు పొడితో బయటపడ్డారు. మేడమ్ కారులోంచి సొట్టలు పడ్డ, సగం ఖాళీ అయిన డబ్బా ఒకటి తెచ్చి వరసగా కట్లు కట్టింది.

"నీకెక్కడ?" అని పెయింటర్‌ను అడిగింది.

"నాకేం లేదండీ. నేను రంగు కేసు."

వెళ్ళబోతూ మేడమ్ సూపర్‌వైజర్ వైపు తిరిగింది. "కొత్త సరుకు తెప్పించండి. తాళం తీసేయండి. వచ్చే నెల మళ్ళీ వస్తాను. అప్పుడు కూడా ఆ సరుకు వాడకుండా సీలుతోనే కనిపించిందో, మీ యజమానికి నేనే ఫోన్ చేస్తాను."

మర్నాటి నుంచి పెట్టె మేకు మీద లేదు, సూపర్‌వైజర్ భుజానికి ఉంది. అంతస్తు అంతస్తూ తిరిగి, ఎవరికైనా చిన్న గీత పడిందా, కనీసం గోరైనా చిట్లిందా అని ప్రాధేయపడ్డాడు. ఆయన వెనకే తిరుగుతుండడంతో అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. నెల తిరగబోతుండగా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, దిగులు పడకు. నీకోసం ఇక్కడ కుర్చీ తెప్పించాను."

ఆయన పరుగున మేస్త్రీ దగ్గరకు వెళ్ళాడు. "నీ పాత గాయానికైనా ఒక్క కట్టు కట్టించుకోవయ్యా, నీకు పుణ్యముంటుంది!"

మేస్త్రీ మానిపోయిన వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఇవాళ వద్దు సార్, రేపు చూద్దాం."