సొంత మైదానం

ఆ శనివారం సిలాసు వేసుకున్న పథకం చిన్నదే. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగే భార్య జయకుమారిని వెంటబెట్టుకుని, పొద్దున ఎనిమిదింటికల్లా ఫరీదాబాద్ కొత్త స్టేడియానికి చేరుకోవాలి. రెండేళ్లుగా తన చేతులతో పెంచిన పచ్చిక మీద కూతురు అనుగ్రహ గోల్ కాస్తుంటే ఇద్దరూ కూర్చుని చూడాలి. ఆమె ఆడే ఫుట్‌బాల్ క్లబ్బుకు సొంత మైదానంలో అదే మొదటి మ్యాచ్.

ముందురోజు గోల్ ముందు కొత్త గడ్డి పరిచి, 'గడ్డి మీద నడవరాదు' అని హిందీలో రాసిన బోర్డు పాతాడు. పొద్దున్నే వచ్చి పీకేద్దాంలే అనుకున్నాడు.

క్లబ్బు ఆడపిల్లలు ఏడింటికే బస్సు దిగారు. ఉద్యోగంలో చేరి నాలుగు రోజులైన సెక్యూరిటీ శివకుమార్ వాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"మా మ్యాచ్ ఉంది, భయ్యా," అంది అనుగ్రహ.

"బోర్డు మీద రాసుంది కదా, దీదీ."

అనుగ్రహ తండ్రికి మూడుసార్లు ఫోన్ చేసింది. మెట్రో రద్దీలో అది ఆయనకు వినిపించలేదు. ఈలోగా శివకుమార్, గడ్డి తొక్కకూడదట అని స్టేడియం మేనేజరు విష్ణువర్ధన్‌కు ఫోన్లో చెప్పాడు. ఇంకా మంచం దిగని మేనేజరు, పచ్చికకేదో తెగులు పట్టిందని లీగ్ ఆఫీసుకు చెప్పాడు. లీగ్ వాళ్లు మ్యాచ్‌ని అవతలి జట్టు మైదానానికి మార్చేశారు.

సిలాసు, జయకుమారి వచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది.

"ఒక్కరినీ తొక్కనివ్వలేదు, అంకుల్," అన్నాడు శివకుమార్.

సిలాసు మేనేజరుకు ఫోన్ చేశాడు. "గడ్డి నిక్షేపంగా ఉందండీ. ఆ బోర్డు పెట్టింది నేనే. పిల్లల్ని వెనక్కి పిలిపించండి సార్."

విష్ణువర్ధన్‌దీ సిలాసుదీ ఒకే ఊరు, ఒంగోలు. సిలాసుకు ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. "ఇప్పుడు బాగుందంటే నేను అబద్ధం చెప్పినట్టవుతుంది కదయ్యా. ఈ సీజన్‌కి బాగాలేదనే ఉండనీ."

ఖాళీ గ్యాలరీలో జయకుమారి కూర్చున్న చోటే నిద్రపోయింది. సిలాసు ఆమెను లేపలేదు. పచ్చికకు నీళ్లు పెట్టాడు.

సాయంత్రం అనుగ్రహ మోచేతులు దోక్కుపోయి వచ్చింది. నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయారు.

"అక్కడ గడ్డే లేదు పప్పా," అంది. "అందుకే ఎవరూ ఆపలేదు."

సిలాసు దూది, డెటాల్ తెచ్చాడు.

సీజన్ అయ్యాక క్లబ్బు వార్షిక నివేదిక వచ్చింది. సొంత మైదానంలో ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదని అందులో రాశారు.